రెండు నిమిషాల కోసం ఏడు వారాలు

2018 ఏప్రిల్ 17, రాత్రి 8 గంటలు. నేను ఇజ్రాయెల్ వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తుంటే సైరన్ మోగింది. మేముండే బేర్షెబా ఊళ్ళో సైరన్ వినిపిస్తే 60 సెకన్లలో మమాద్‌లో ఉండాలని, ఒక పెద్దాయనను చూసుకునే పనిలో చేరిన రోజే చెప్పారు. మమాద్ అంటే ఇక్కడ కొత్త ఇళ్ళలో దళసరి కాంక్రీటు గోడలతో కట్టే గది. స్టవ్ ఆపేసి పరుగున వచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన రాలేదు. "నహీ బేటా, ఇది ఆ సైరన్ కాదు" అని, డైనింగ్ టేబుల్ అంచు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డారు. తల వంచుకున్నారు. కిటికీలోంచి చూస్తే రోడ్డు మధ్యలో సిటీ బస్సు ఆగి ఉంది. డ్రైవర్ కిందికి దిగి, చేతులు రెండూ కిందికి వదిలి, కదలకుండా నిలబడ్డాడు. అప్పుడు గమనించాను, ఈ సైరన్ రాకెట్ సైరన్‌లా పైకీ కిందికీ ఊగడం లేదు. ఒకే శ్రుతి మీద ఒక నిమిషం పాటు తెగకుండా సాగి, సన్నబడి ఆగిపోయింది.

యోమ్ హజికరోన్, అంటే జ్ఞాపక దినం, నాకు అలా తెలిసింది. యుద్ధాల్లో పోయిన సైనికులనూ, ఉగ్రవాద దాడుల్లో చనిపోయినవాళ్ళనూ ఈ దేశం తలచుకునే రోజు. యూదుల లెక్కలో రోజు సాయంత్రం మొదలవుతుంది కనుక, రాత్రి 8కి ఒక నిమిషం, మర్నాడు పొద్దున 11కి రెండు నిమిషాలు సైరన్ మోగుతుంది. ఇయార్ నెల నాలుగో రోజున వస్తుంది. సబ్బాతుకు, అంటే శనివారపు విశ్రాంతికి, అడ్డం వస్తుందనుకుంటే ఒకట్రెండు రోజులు అటో ఇటో జరుపుతారు. ఆ మర్నాడే స్వాతంత్ర్య దినం.

మాది బోధన్ దగ్గర ఒక ఊరు. మహారాష్ట్ర బార్డర్ పక్కనే కాబట్టి హిందీ, కాస్త మరాఠీ చిన్నప్పటి నుంచీ వచ్చు. అదే నాకు ఈ ఇంట్లో పని ఇప్పించింది. పెద్దాయన బెనె ఇజ్రాయెల్. కొంకణ్ తీరంలో తరతరాలుగా బతికిన యూదులు వీళ్ళు. పూర్వం గానుగ ఆడించేవాళ్ళు. శనివారం మాత్రం గానుగ కట్టేవాళ్ళు కాదు. అందుకే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వీళ్ళను 'శనివార్ తేలీ' అని పిలిచేవారట. ఆయన్ని నేను సబా అంటాను. హీబ్రూలో తాత అని. ఆయన నన్ను బేటా అంటారు. 1964లో బొంబాయి నుంచి భార్యతో, రెండేళ్ళ కొడుకుతో ఓడెక్కి వచ్చారు. కూతురు ఇక్కడే పుట్టింది.

ఆ కొడుకు 1982 జూన్ 10న లెబనాన్‌లో పోయాడు. యుద్ధం మొదలై అయిదో రోజు. వయసు 20. అతని పేరు ఇక్కడ రాయను. అది ఆ ఇంటిది.

ఇక్కడ యుద్ధంలో పోయినవాడిని చనిపోయాడు అనరు. 'నఫల్' అంటారు, పడ్డాడు అని. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు అర్థం అడగాల్సిన అవసరం రాలేదు. మనమూ నేలకొరిగాడు అనే కదా అంటాం.

మొదటి అయిదేళ్ళూ సబా తన కాళ్ళ మీదే నిలబడ్డారు. 2020లో కరోనా వల్ల ఆ రోజు సైనిక శ్మశానాలకు రావద్దన్నారు. అప్పుడు కూడా బాల్కనీలో వాకర్ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డారు. ఎదురు బిల్డింగుల బాల్కనీలన్నిటిలో జనం. 2022 నవంబర్‌లో బాత్రూమ్ గడప దగ్గర జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ మంచం నుంచి వీల్‌చైర్‌కు, వీల్‌చైర్ నుంచి మంచానికి. అంతకు మించి కాలు నేల మీద నిలవలేదు. దానికి తోడు అప్పుడప్పుడు మాట మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ఏ వాక్యమైనా సగంలో దారి తప్పి, కళ్ళు నా వైపు తిరిగేవి.

2023లో పూరిమ్ పండగ మార్చి 7న వచ్చింది. వీధిలో పిల్లలు వేషాలు వేసుకుని తిరుగుతున్నారు. సబా వాళ్ళను చూస్తూ చూస్తూ, "ఇంకా ఏడు వారాలు ఉంది బేటా. నన్ను రెండు నిమిషాలు నిలబెట్టు. కద్దీష్ నా నోటితో చెప్పించు. ఇంకేమీ అడగను" అన్నారు.

క్యాలెండర్ చూశాను. జ్ఞాపక దినం ఏప్రిల్ 25, మంగళవారం. సరిగ్గా 49 రోజులు.

డాక్టరును అడిగాం. ఎముక అతికింది, మనిషి ఆసరాతో నిలబెట్టవచ్చు, నొప్పి పెరిగితే ఆపేయండి అన్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది, మిగతా రోజులు నేనే. నడుముకు పట్టీ కట్టి, నా మోకాళ్ళు ఆయన మోకాళ్ళకు ఆనించి, "ఏక్, దో, తీన్" అని లేపేవాణ్ణి. మొదటి రోజు 11 సెకన్లు. ఫోన్‌లో టైమర్ పెట్టి ఆయన కళ్ళకు ఎదురుగా ఉంచమన్నారు. వారం తిరిగేసరికి 25. ఒక రోజు 40 దాటాక తొడ కండరం పట్టేసి, పళ్ళు బిగబట్టి, నా భుజం మీద గోళ్ళు దిగేట్టు పట్టుకున్నారు. ఆ తర్వాత మూడు రోజులు మళ్ళీ సున్నా. కూతురు ఫోన్‌లో ఏడ్చింది, "కూర్చుని ఉంటే తప్పేముంది నాన్నా, ఎవరు ఏమంటారు" అని. ఆయన ఏం బదులు చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున తనే పట్టీ వెతికి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

రెండో పని కద్దీష్. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

కద్దీష్ పోయినవాళ్ళ కోసం నిలబడి చెప్పే ప్రార్థన. భాష అరామిక్. పాతకాలంలో మామూలు జనం మాట్లాడుకున్న భాష అట. తల్లిదండ్రులు పోతే కొడుకు 11 నెలల పాటు చెప్తాడు. ఆ తర్వాత ఏటా వర్ధంతికి చెప్తాడు. మనకు తలకొరివి పెట్టడానికి, తద్దినం పెట్టడానికి కొడుకు ఎలాగో, వాళ్ళకు కద్దీష్ చెప్పడానికి కొడుకు అలాగ. తండ్రి కొడుక్కి చెప్పాల్సి వస్తే నియమం 30 రోజులకే. సబా 41 ఏళ్ళుగా ఏటా చెప్తూనే ఉన్నారు. "నాకు చెప్పాల్సినవాడు వాడు. వరస తిరగబడింది" అని ఒకే ఒక్కసారి అన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ పదాలు ఆయనకు సగంలో జారిపోతున్నాయి. చత్వారంతో పుస్తకం చూసి చదవలేరు. ఒక చేత్తో నన్ను పట్టుకుని నిలబడినప్పుడు పుస్తకం పట్టుకోవడం ఎలాగూ కుదరదు. మాట ఆగినప్పుడు పక్కనుంచి తర్వాతి మాట అందించే మనిషి కావాలి. ఆ సమయానికి ఆయన్ని వెనకనుంచి పట్టుకుని ఉండేది నేనే. నా నోరు ఆయన చెవి పక్కనే ఉంటుంది.

నాకు హీబ్రూ మాట్లాడటం వచ్చు, చదవడం అంతంతమాత్రం. యూట్యూబ్‌లో కద్దీష్ వెతికి, విని విని, రూళ్ళ నోట్‌బుక్కులో తెలుగులో రాసుకున్నాను. "యిత్‌గదల్ వ్‌యిత్‌కదష్ ష్మే రబ్బా." మన లిపికి ఎంత ఓపిక ఉందో అప్పుడు తెలిసింది. గొంతు లోపల రాపిడి పెట్టి పలికే శబ్దం ఒకటి ఉంటుంది వాళ్ళకు. దానికి మాత్రం మన దగ్గర అక్షరం లేదు. ఖ రాసి కింద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టుకున్నాను. రెండు రాత్రులు పట్టింది. మూడో రోజు సబాకు చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని వింటూ రెండో వాక్యం దగ్గర చెయ్యి ఎత్తారు. "ఒక మాట పోయింది."

ఏం పోలేదని నేను, పోయిందని ఆయన. చివరికి తేలిందేమంటే, నేను రాసుకున్నది యూరప్ నుంచి వచ్చిన యూదుల పాఠం. బెనె ఇజ్రాయెల్‌వాళ్ళు చెప్పేది సెఫార్దీ అనే ఇంకో సంప్రదాయపు పాఠం. అందులో "వ్‌యత్స్‌మఖ్ పుర్కానే, వికారేవ్ మషీఖే" అని అదనంగా ఉంటుంది. ఆయన విమోచన మొలకెత్తుగాక, ఆయన అభిషిక్తుడు దగ్గరపడుగాక అని అర్థం. మాటలు జారిపోతున్న మనిషికి, ఎక్కడ మాట లేదో మాత్రం ఠక్కున తెలిసింది. ఆ పేజీ చింపేసి, ఆయన నోటినుంచి వచ్చినట్టే, ఆయన ఆగిన చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి రాశాను. నా దగ్గర ఇప్పటికీ ఉన్నది ఆ కాగితమే.

అర్థం తెలుసుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. మొత్తం ప్రార్థనలో చావు అన్న మాట లేదు. పోయినవాడి పేరు లేదు. దుఃఖం లేదు, ఎందుకిలా చేశావన్న ప్రశ్న లేదు. ఆయన గొప్ప నామం ఘనపడుగాక, పవిత్రమగుగాక, సకల స్తోత్రాలకూ పాటలకూ ఓదార్పులకూ పైన ఉన్నవాడు అని పొగడ్త. చివర శాంతి కోరడం. కన్నకొడుకు సమాధి ముందు నిలబడి ఇది అనాలి. "కోపం రాదా సబా?" అని అడిగాను. "వస్తుంది. వచ్చినప్పుడు కూడా చెప్పడానికి మాటలు కావాలి కదా. సొంత మాటలు ఆ పూట దొరకవు. ఎవరో ముందే రాసిపెట్టినవి ఉంటే వాటిని పట్టుకుని దాటేస్తాం" అన్నారు.

యూదుడిని కాని నేను ఇలా అందించవచ్చా అన్నది నాకు పెద్ద టెన్షన్. వాళ్ళ ప్రార్థనా మందిరంలో పాఠం పాడే ముసలాయన్ని అడిగాను. ఆయన ఎక్కువ ఆలోచించలేదు. "చెప్పేది ఆయన. నువ్వు ఆయన కళ్ళజోడు లాంటివాడివి. కళ్ళజోడును మతం అడగం" అన్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకపోతే ఈ ఏడు వారాలు నాకెందుకంత ముఖ్యమో అర్థం కాదు. 2021లో మా నాన్న పోయారు. వెళ్తే తిరిగి రావడానికి వీల్లేని కరోనా రోజులు. తమ్ముడు తలకొరివి పెడుతుంటే వీడియో కాల్‌లో చూశాను. మధ్యలో నెట్‌వర్క్ పోయింది. ఆ రాత్రి సబా నా గదికి వాకర్‌తో నడుచుకుంటూ వచ్చి, "తేదీ కాదు, తిథి చెప్పు" అన్నారు. వైశాఖ బహుళ ఏకాదశి అన్నాను. ఆయన గోడ మీది క్యాలెండర్ చూశారు. సివాన్ 26. వాళ్ళ నెల కూడా అమావాస్య తర్వాతే మొదలవుతుంది. చంద్రుడికీ సూర్యుడికీ లెక్క కుదరడానికి 19 ఏళ్ళలో 7 సార్లు అదారు నెలను రెండుసార్లు చేస్తారు, మన అధిక మాసంలాగే. ఆ ఏడు వైశాఖం, సివాన్ ఒకే అమావాస్య వెనకనుంచి మొదలయ్యాయి. వాళ్ళ అబ్బాయి తిథి సివాన్ 19. "వారం తేడా" అన్నారు సబా. వంటింటి అల్మారాలోంచి రేకు డబ్బాలో మైనం పోసిన దీపం ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. 24 గంటలు వెలిగే దీపం. నేర్ నెషమా, ప్రాణ దీపం అంటారు. తెల్ అవీవ్‌లో పనిచేసే రాజోలు అక్క ఒకామె ఉంది, ఫోన్‌లో ఈ మాట చెప్తే, అది మా బైబిల్లో సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది, "నరుని ఆత్మ యెహోవా పెట్టిన దీపము" అని చదివి వినిపించింది. అప్పటినుంచి మా ఇంట్లో సివాన్ నెలలో వారం తేడాతో రెండు దీపాలు.

ఏప్రిల్ మధ్యకల్లా 90 సెకన్లకు వచ్చాం. 20వ తేదీన 118. ఇంకో రెండు సెకన్లు ఆగండి అంటే ఆగలేకపోయారు. ఆ తర్వాత ప్రాక్టీసు వద్దన్నారు. "ఉన్న బలం దాచుకుంటా."

24వ తేదీ సాయంత్రం 7:30కే దీపం వెలిగించారు. వెలిగించేటప్పుడు ప్రత్యేకంగా మంత్రం ఏమీ చదవరు. కొడుకు పేరు, వెంట తండ్రి పేరు చెప్పి వత్తికి నిప్పు తగిలించారు, అంతే. 8కి సైరన్ మోగింది. లేవలేదు. రేపటికి దాచుకున్న బలాన్ని ఈ నిమిషానికి ఖర్చు పెట్టదలచుకోలేదు. చైర్ పిడులను మాత్రం వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నారు. నేను పక్కన నిలబడ్డాను. హోటళ్ళు, సినిమా హాళ్ళు ఆ రాత్రి చట్టప్రకారం మూతపడతాయి. అంత నిశ్శబ్దమైన ఊరు ఏడాదిలో మళ్ళీ యోమ్ కిప్పూర్ అనే ఉపవాస దినం నాడే కనిపిస్తుంది.

పొద్దున 9కి బయల్దేరాం. రోడ్లన్నీ జామ్. నగరంలోని సైనిక శ్మశానం గేటు దగ్గర కుర్రాళ్ళు నీళ్ళ సీసాలు, పూలు పంచుతున్నారు. ఎర్ర పూవు బొమ్మ ఉన్న చిన్న స్టిక్కర్ ఒకటి చొక్కాకు అంటిస్తారు. దమ్ హమక్కబీమ్, మక్కబీల రక్తం అని ఆ పూవు పేరు. పాతకాలపు యోధుల రక్తపు చుక్క పడిన ప్రతిచోటా ఈ పూవు మొలిచిందని కథ చెప్తారు.

సమాధులన్నీ ఒకే కొలత. మంచంలా పరిచిన రాతి అంచు, లోపల మట్టిలో రోజ్‌మేరీ మొక్కలు, తలవైపు దిండులా వాలుగా ఒక రాయి. జనరల్‌కైనా సిపాయికైనా అదే రాయి. దాని మీద రాసేది కూడా ఒకే వరస. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, వచ్చిన ఏడు, పడిన రోజు, వయసు. ఈ రాయి మీద పుట్టిన చోటు దగ్గర 'హోదు' అని ఉంది. హీబ్రూలో ఇండియా. మొదటి ఏడు ఆ మాట నేనే కూడబలుక్కుని చదివి ఆగిపోయాను.

ఆ ఒక్క పదం వెనక ఉన్న సంగతి సబా తర్వాత చెప్పారు. 1960ల మొదట్లో బెనె ఇజ్రాయెల్‌వాళ్ళు అసలు యూదులేనా అని ఇక్కడి మతాధికారులు అనుమానపడ్డారు. పెళ్ళి చేయించాలంటే వంశం ఆరా తీసేవారు. వీళ్ళు యెరూషలేములో ధర్నాకు కూర్చున్నారు. 1964లో ప్రభుత్వం వీళ్ళు అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది. సబా ఓడ దిగింది ఆ ఏడే. "మా నాన్న ఎవరు, తాత ఎవరు అని అడిగారు. ఈ రాయి దగ్గర ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ గొంతులో ఎంత గర్వం ఉందో అంత బాధా ఉంది. రెండింటినీ విడదీసి చూడటం నావల్ల కాలేదు.

మా ఊరి పొలిమేరలో చింతచెట్టు కింద ఒక వీరగల్లు ఉంది. గుర్రం మీద కత్తి ఎత్తిన మనిషి. పశువులను దొంగలనుంచి కాపాడుతూ పోయాడంటారు, యుద్ధంలో పోయాడంటారు. పండగకు కుంకుమ పూస్తాం, కొబ్బరికాయ కొడతాం. పేరు ఎవరికీ తెలియదు. తల్లి పేరు, తండ్రి పేరు సరేసరి. నాకు ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ ఆ రాయి గుర్తొస్తుంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి చూశాను, ఎవరైనా పేరు చెప్తారేమోనని. ఎవరూ చెప్పలేకపోయారు.

ప్రతి సమాధి మీదా నల్ల రిబ్బను కట్టిన చిన్న జెండా గుచ్చి ఉంది. పక్కన ఒక సైనికుడు నిలబడతాడు, మన సమాధికి మన సైనికుడు. ఆ రోజు మాకు వచ్చింది 19 ఏళ్ళ అమ్మాయి. సబా ఆమెను పేరడిగి, అన్నం తిన్నావా అని అడిగారు. కొడుకు యూనిట్ వాళ్ళు కూడా వచ్చారు. నేను చూసిన మొదటి ఏడు పదిమందికి పైగా. ఈసారి నలుగురే. అందరికీ అరవై దాటాయి. 20 ఏళ్ళ వాడి స్నేహితులు.

10:55కి పట్టీ బిగించాను. 10:59కి లేపాను. సైరన్ మొదలయ్యేసరికి ఆయన పాదాలు నేలమీద ఉన్నాయి.

వెనకనుంచి పట్టుకుని ఉన్నాను కాబట్టి ముఖం కనపడదు. మెడ కనిపిస్తోంది. కిప్పా టోపీ అంచు కింద తెల్ల వెంట్రుకలు, చెవి వెనక మడతలో చెమట. అర నిమిషం బాగానే గడిచింది. తర్వాత కుడి మోకాలు వణకడం మొదలైంది. నా మోకాలును దాని వెనక ఆనించాను. వణుకు నా కాల్లోకి వచ్చింది. శ్మశానం నిండా వేలమంది ఉన్నా సైరన్ తప్ప ఒక్క శబ్దం లేదు. ఎక్కడో ఒక పసిపిల్ల మాత్రం ఏదో అడుగుతోంది. 118 దగ్గర ఆయన ఆగిపోయిన సంగతి నాకు గుర్తుంది. లోలోపల లెక్కపెడుతున్నాను, వంద దాటాక లెక్క తప్పింది. ఒక క్షణం బరువంతా నా చేతుల మీదికి వచ్చింది, అయిపోయింది అనుకున్నాను. అప్పుడు ఆయన ఊపిరి లోపలికి పీల్చి మళ్ళీ నిటారుగా లేచారు. సైరన్ దిగిపోయింది. అది పూర్తిగా ఆగేదాకా, ఆఖరి మూలుగు కూడా పోయేదాకా కూర్చోలేదు.

తర్వాత సభ. తుపాకులు మూడుసార్లు పేల్చారు. యిజ్కోర్ చదివారు. తలచుకొనుగాక అన్న మాటతో మొదలయ్యే ప్రార్థన అది. ఎవరు తలచుకోవాలి అన్నదాని మీద ఇక్కడ ఏళ్ళ తరబడి వాదన నడిచింది. 1920లో తెల్ హై అనే చోట పోరులో పడినవాళ్ళ కోసం కార్మిక నాయకుడు బెర్ల్ కట్స్‌నెల్సన్ రాసినదాంట్లో 'ఇజ్రాయెల్ ప్రజ తలచుకొనుగాక' అని ఉంది. కాదు, 'దేవుడు తలచుకొనుగాక' అనాలని మతపరులు. సైన్యం ఇప్పుడు ప్రజ అనే చదువుతుంది. సబా పొద్దున లేస్తూనే ప్రార్థన చేసే మనిషి, అయినా ఈ విషయంలో ప్రజ వైపే. "దేవుడికి గుర్తుచెయ్యాలా? మరిచిపోయేది మనం" అంటారు. ఆ తర్వాత సైనిక గాయకుడు ఎల్ మాలే రఖమీమ్ పాడాడు. దయతో నిండిన దేవా, వీళ్ళకు నీ రెక్కల కింద విశ్రాంతి ఇవ్వు అని. భాష రానివాడికి కూడా ఆ రాగం ఛాతీలో తగులుతుంది.

మైకులు ఆగాక ఎవరి సమాధి దగ్గర వాళ్ళు కద్దీష్ మొదలుపెట్టారు. దానికి మిన్యాన్ ఉండాలి, పదిమంది మగవాళ్ళు. ఒక్కడే నిలబడి చెప్పుకునే ప్రార్థన కాదు ఇది. చెప్పేవాడికి ఆమెన్ అనేవాళ్ళు ఉండాలి. సబా, మనవడు, యూనిట్ నలుగురు, ఆరుగురే ఉన్నాం అన్నమాట, నన్ను వదిలేస్తే. మనవడు చెయ్యెత్తి "మిన్యాన్!" అని కేకేశాడు. పక్క వరసలోంచి ముగ్గురు వచ్చారు. వచ్చినవాళ్ళలో ఒక గడ్డపాయన లెక్కపెట్టాడు. మనుషులను ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదట వాళ్ళు. పది పదాలున్న ఒక కీర్తన వాక్యం ఉంది, మనిషికొక పదం చొప్పున చెప్తారు. మా ఇంట్లో తాత వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనేవాడు, అది గుర్తొచ్చింది. "హోషీయా, ఎత్, అమ్మెఖా..." అంటూ ఒక్కొక్కరినీ చూపిస్తూ వచ్చి, పదో పదం "హఓలమ్" దగ్గర వేలు నా మీద ఆపాడు. చివరి రెండు పదాలకు కలిపి 'ఎప్పటికీ' అని అర్థం. నేను యూదుణ్ణి కాదు అన్నాను. ఆయన వేలు దించలేదు. ఆ చేత్తోనే నా భుజం ఒకసారి తట్టి, ఇంకొకరి కోసం అటు తిరిగాడు. నీళ్ళు పంచే కుర్రాడు ఒకడు సీసాల పెట్టె కింద పెట్టి పరుగున వచ్చాడు. పది.

మళ్ళీ లేపాను. కాగితం ఎడమ చేతిలో, ఆయన పక్కటెముకల మీద.

"యిత్‌గదల్ వ్‌యిత్‌కదష్ ష్మే రబ్బా." గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఆమెన్" అన్నారు అందరూ. రెండో వాక్యం కూడా నడిచింది. "వ్‌యత్స్‌మఖ్" ఎక్కడ రావాలో అక్కడ ఆగారు. నేను రాసుకోకుండా వదిలేస్తే పట్టుకున్న మాట అదే. ఒక్క క్షణం ఆగి చెవిలో అందించాను. అందుకున్నారు. మధ్యలో ఇంకో రెండు చోట్ల ఆగారు. ఒకచోట నాకంటే ముందే యూనిట్ స్నేహితుడు ఒకడు అందించాడు, తల పైకెత్తకుండానే. చివర "ఓసే షాలోమ్ బిమ్రోమావ్" దగ్గర నియమం ప్రకారం మూడడుగులు వెనక్కి వేయాలి. ఆయన వేయలేరు. నేను నా బూటు కొనతో ఆయన మడమను కొంచెం వెనక్కి జరిపాను, మూడుసార్లు. ఎవరూ చెప్పలేదు. చెయ్యాలనిపించింది.

కూర్చున్నాక వంగి రాయిని తడిమారు. నేల మీదనుంచి గులకరాయి ఏరి ఇస్తే అక్షరాల పక్కన పెట్టారు. వచ్చి వెళ్ళామన్న గుర్తు అది. రాయి అడుగున అయిదు అక్షరాలు చెక్కి ఉంటాయి. అతని ప్రాణం జీవపు మూటలో కట్టబడి ఉండుగాక అన్న వాక్యానికి పొడి అక్షరాలు. కూతురు ఆ అక్షరాల మీద చేత్తో నీళ్ళు జల్లి, తన చున్నీతో దుమ్ము తుడిచింది. మా మగవాళ్ళను పక్క వరసవాళ్ళు పిలిచారు, వాళ్ళకూ పదిమంది కావాలి. మనవడు, యూనిట్ వాళ్ళు అటు వెళ్ళారు. గేటు దగ్గర రెండు పిడుల చెంబుతో ఆయన చేతుల మీద మార్చి మార్చి నీళ్ళు పోశాను.

ఇంటికొచ్చాక టీవీ. ఆ రోజు ఒక ఛానెల్‌లో పోయినవాళ్ళ పేర్లే పడుతుంటాయి, పోయిన వరసలో. లెక్క 1860 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడు 24 వేలకు పైనే పేర్లు. ఒక్కో పేరు కొన్ని క్షణాలే ఉంటుంది. 1982 మధ్యాహ్నం వస్తుంది. సబా అన్నం ముందు కూర్చుని ముట్టకుండా చూస్తున్నారు. ఏటా కొత్త పేర్లు చేరతాయి, రోజుకు ఉన్నవి అవే గంటలు, కాబట్టి తన కొడుకు పేరు ఏటా కాస్త ముందుగా వస్తుందని ఆయన లెక్క. ఈసారి కూడా ముందే వచ్చింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. కూతురు, నేను, ఆయన ముగ్గురం చూశాం. మారిపోయింది. అప్పుడు చెంచా తీసుకున్నారు.

సాయంత్రం జెండా పైకెత్తారు. 8 దాటాక ఊళ్ళో బాణసంచా మొదలైంది, స్వాతంత్ర్య దినం. మనవడు స్నేహితులతో వెళ్ళడానికి సందేహిస్తుంటే సబానే పొమ్మన్నారు. మా దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని ఊది ఆర్పరు. దానంతట అదే ఆరాలి. లైటు వేయనివ్వలేదు. బయట రంగులు గోడ మీద పడి పోతున్నాయి, వాటి మధ్య అల్మారా మీద చిన్న పసుపు వెలుగు. మైనమంతా కరిగి వత్తి రేకు మీద తేలుతోంది. 9:40కి ఒకసారి పెద్దగా లేచి ఆరింది. పొగ సన్నగా పైకి వెళ్ళింది.

"లైటు వెయ్ బేటా" అన్నారు.